పెద్ద మోటారు సైకిలు కొనదలచిన సోదరికి



వివాహమునకు పూర్వము తండ్రిగారి పాత బుల్లెట్టును నడిపి, పిమ్మట పదునైదేండ్లు బండి ముట్టని యొక సోదరి మరల మోటారు సైకిలు కొనదలచి, మిక్కిలి బలము గలది యేదియని మమ్మడిగినారు. ఆడుదానికి పెద్దబండి యేలయని యింటివారు సణుగుచున్నారట. మగవాడు కొనునప్పుడీ ప్రశ్న యెవ్వరును వేయగా మేము వినలేదు. 2018లో హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్లపై మయన్మారు, థాయిలాండు మొదలగు దేశములు తిరిగి వచ్చినారు. కావున ఆ చర్చ మానుదము.

శబ్దమును, ఆకారమును చూచి బలము నెంచరాదు. స్ప్లెండరు బండికి అశ్వశక్తి 8. తూకము సుమారు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350కి అశ్వశక్తి 20; తూకము 195 కిలోలు. కె.టి.ఎం. 390 డ్యూక్ అనుదానికి అశ్వశక్తి దాదాపు 45. తూకమో 170 కిలోలకు లోపే. 100 కిలోల తూకమునకెంత శక్తియని లెక్కింపగా మొదటిదానికి 7, రెండవదానికి 10, మూడవదానికి 26కు పైగా వచ్చును. గుడుగుడుమని వీధియంతయు దద్దరిల్లజేయు బండి నిజమునకు సాధుజంతువు. చూపునకు చిన్నదియైనది ఉరకలు వేయు గుఱ్ఱము. చాలకాలమునకు బండి యెక్కువారు ఈ గుఱ్ఱమును మొదటనే కొనుట మాకు సమ్మతము కాదు.

అయితే సాధువునకును బరువు కలదు. బండి పరుగిడునప్పుడు బరువు తెలియదు. కూడలిలో ఆగునప్పుడును, వాలులో వెనుకకు నెట్టునప్పుడును తెలియును. క్రొత్తవారు పడునది తరచుగా అచ్చటనే. కావున దుకాణములో ఇంజను వేయకయే బండిని పది అడుగులు ముందునకు, వెనుకకు నెట్టి చూడవలయును. ఆసనముపై కూర్చున్నప్పుడు రెండు పాదములును నేలనానవలయును. క్లాసిక్ ఆసనము 805 మిల్లీమీటర్ల యెత్తు. అదే కంపెనీవారి మీటియరు ఆసనము 765. పొట్టివారికి ఈ నాలుగు సెంటీమీటర్లే ప్రాణము. అమ్మువాడు తొందరపెట్టిన మరియొక దుకాణమునకు పోవుడు.

మన సోదరికి ముఖ్యముగా చెప్పవలసినదొకటి కలదు. పాత బుల్లెట్టున గేరు కుడికాలిక్రింద, బ్రేకు ఎడమకాలిక్రింద నుండెడివి. ఇప్పుడది తారుమారు. మనస్సు మరచినను కాలు మరువదు. ఎదుట గేదె అడ్డము వచ్చినప్పుడు ఎడమకాలు బ్రేకనుకొని గేరును త్రొక్కును. మైదానములో నెలదినములు సాధన చేసి ఈ అలవాటును మాన్పుకొనవలయును.

125 సి.సి. మించిన క్రొత్త బండ్లన్నిటికిని 2019 ఏప్రిల్ నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి. గట్టిగా బ్రేకు పట్టినను చక్రము బిగిసిపోకుండ అది కాపాడును. ఇసుకమీద దానిని నమ్ముకొనరాదు. పాతబండి కొనువారు ఇది కలదో లేదో చూచుకొనుడు.

స్కూటరు నడుపు సోదరీమణులలో పలువురి లైసెన్సు గేరులేని బండ్లకు మాత్రమే చెల్లును. బయానా యిచ్చుటకు ముందే దానిని తీసి చదువుకొనుడు. చీరకొంగు, చున్నీ చక్రమున చిక్కకుండ బిగించుకొనవలయును. శిరస్త్రాణము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వెనుక బిడ్డ కూర్చున్న బండి బరువును, ఆగు తీరును మారును. ఒంటరిగా వాననాడు, రాత్రివేళ నడిపి చేయి కుదిరినపిమ్మటనే బిడ్డను ఎక్కించుకొనుడు. దానికిని శిరస్త్రాణము కొనుడు.