కూర్చోనని అనగలిగేదెవరు?

ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పిచేసిన కరువును కెమెరాకెక్కించినవాడు విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. ఎముకలు తేలిన కుటుంబాలను ముందు వరస కూర్చోబెట్టి, వెనక వరస నిలబెట్టి, గ్రూపు ఫొటోకు సర్దినట్టే సర్దాడు. బళ్లారి, కర్నూలు, కడప అల్లాడిన ఆ కరువులో సహాయ పనులకు వచ్చిన మగమనిషికి 1877లో వైస్రాయి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంతపాటి గింజలకు చేయిచాచినవాడు దొర కెమెరా ముందు కూర్చోనని అనగలడా? వలస పాలనలో ఫొటో ఎవరి అధికారాన్ని చూపుతుందో తేల్చడానికి నాకు ఈ ప్రశ్న ఒక్కటే చాలు.

ఆ కాలపు ప్లేట్లకు ఎవరైనా కదలకుండా ఉండాల్సిందే కదా అనొచ్చు. ఉండాల్సిందే. కానీ ఏ కుర్చీలో, ఏ నగలతో, ఎవరి ముందు అన్నది కొందరి చేతుల్లోనే ఉండేది. 1892లో హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. షరతు ఫొటో దిగేవాళ్లది, సర్దుకున్నది స్టూడియో. అదే 1868-75 మధ్య లండన్‌లో వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ ఎనిమిది సంపుటాల్లో చాలామంది కులానికో తెగకో నమూనాలుగా మిగిలారు. హూపర్ ఫొటోలు అందులోనూ ఉన్నాయి. 1869లో లండన్‌లో ఆ పుస్తకం చూసిన ముస్లిం సంస్కర్త సయ్యద్ అహ్మద్ ఖాన్ ఎంత నొచ్చుకున్నాడో ఆయన లేఖే చెబుతుంది.

అయితే ఇది తెల్లవాడి కన్ను చేసిన పాపమేనని తేల్చేస్తే పొరపాటు. నిజాం రాజ్యపు కరువు సహాయ పనులను ఫొటో తీసింది దీన్ దయాళ్ స్టూడియోనే. నవాబుకు పేరూ బిరుదూ, మట్టి మోసినవాళ్లకు గుంపులో చోటు. ఈ తేడా కంపెనీ ఓడల్లో దిగుమతైంది కాదు; పరాయి సర్కారు దానికి దస్తావేజు రూపమిచ్చింది, అంతే.

ఆ ఫొటోలే లేకపోతే ఆ ఆకలికి సాక్ష్యం ఏదీ అనేది గట్టి ప్రశ్న. సాక్ష్యం విలువను నేను కాదనను. తీసినవాడి జాలిని మాత్రం దానికి జత చేయలేను: 1886లో మండలేలో, మరణశిక్ష పడ్డ ఖైదీల మీద తుపాకులు పేలే క్షణం ప్లేటు మీదికి రావాలని చూసి విచారణ ఎదుర్కొన్నవాడు ఈ హూపరే. కాబట్టి ఫొటోలను దాచక్కర్లేదు. వాటిని మళ్లీ అచ్చువేసే సంపాదకులు ‘కరువు బాధితులు’ అని రాసి ఊరుకోకుండా, తీసినవాడి ఉద్యోగమేమిటో, ఆనాటి కూలి ఎంతో కూడా రాయాలి. పేజీలో చోటు లేదనడం సాకు. రెండు పంక్తులు పడతాయి.