ఇంటి లెక్కలు: వదిన గారి మంచు ప్రయాణం

మా వదిన గారు, అంటే మా వారి అక్కగారు, ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఏమ్మా, అంటార్కిటికా వెళ్ళి రావాలంటే ఎంతవుతుందో కాస్త లెక్క వేసి పెడతావా?" అన్నారు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

1983లో మన దేశపు మూడో యాత్రా బృందంతో సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు అక్కడికి బయల్దేరారు. ఆ సంగతి ఏటేటా క్లాసులో చెప్పినప్పుడల్లా ఆవిడకి మనసులో ఆశ పుట్టేదట. ఇప్పుడు చేతిలో గ్రాట్యుటీ డబ్బుంది. అబ్బాయేమో ఫ్లాటు అడ్వాన్సుకి అడుగుతున్నాడు. ఇచ్చేస్తే ఇక ఈ ప్రయాణం లేనట్టే.

సరే, కాగితం కలం తీసుకుని కూర్చున్నాం. ముందుగా తెలిసిందేమిటంటే, ఈ ఓడలు దక్షిణ ధ్రువం దాకా వెళ్ళవు. అది ఖండం మధ్యలో ఉంది. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయియా అనే ఊళ్ళో ఎక్కితే, డ్రేక్ జలసంధి దాటి అంటార్కిటికా ద్వీపకల్పం తీరాలకి తీసుకెళ్తాయి. మొత్తం పది పదకొండు రోజులు. అందులో జలసంధి దాటడానికే పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. సముద్రం పేచీ పెడితే అన్నం సయించదు. వాంతుల మాత్రలు డాక్టరుని అడిగి దగ్గరుంచుకోవాలి.

మా వీధి చివరి ట్రావెల్స్ అబ్బాయి ఒక రంగుల కరపత్రం ఇచ్చాడు. ధర మిగతావాటిలో సగం! వదిన గారి మొహం వెలిగిపోయింది. తీరా చదివితే అది రెండు వేల మంది పట్టే ఓడ. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అక్కడ ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ఒడ్డున దిగకూడదు. ఐదు వందల మందికి పైగా ప్రయాణికులున్న ఓడయితే ఒక్కరినీ దింపదు. పెన్‌గ్విన్లని డెక్కు మీంచి చూసుకుని వచ్చేయడమే. రెండు వందల మంది ఓడలో వంతులవారీగా దింపుతారు. వంద మంది ఓడలో అందరూ ఒకేసారి దిగచ్చు, కాకపోతే రేటెక్కువ. "అంత దూరం పోయి కాలు పెట్టకుండా రావడమేమిటి?" అన్నారు వదిన గారు. ఆ కరపత్రం గోధుమపిండి డబ్బా కిందికి పోయింది.

సీజను నవంబరు నుంచి మార్చి దాకా. డిసెంబరు ఆఖరు, జనవరి నెలల్లో పెన్‌గ్విన్ పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. అప్పుడే రేట్లు కూడా మండిపోతాయి. తిమింగలాలు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి మంచివి. నవంబరు మొదట్లోనూ మార్చిలోనూ కాస్త చవగ్గా దొరుకుతుంది. మేము మార్చి అనుకున్నాం.

ఇక డబ్బు. డాలరు 90 రూపాయలనుకుంటే, చిన్న ఓడలో తక్కువ తరగతి గదిలో ఒక మంచానికి 7,500 డాలర్లు, అంటే 6,75,000 రూపాయలు. ఒంటరిగా గది కావాలంటే దీనికి ఒకటిన్నర రెట్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే అడుగుతారు. అయితే చాలా కంపెనీలు ఆడవాళ్ళకి మరో ఆడమనిషిని జత చేసి గది ఇస్తాయి, దానికి అదనం ఉండదు. గురక సంగతి మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి!

అసలు ఖర్చు కరపత్రంలో లేనిదే. బ్యూనస్ ఎయిరెస్ దాకా విమానం రానూపోనూ 1,80,000, అక్కణ్ణించి ఉషువాయియాకి 30,000 వేశాం. ఓడ మన కోసం ఆగదు కనుక రెండు రోజుల ముందే చేరాలి. హోటలుకి 40,000. ఓడలో పనివాళ్ళకి ఇనాములు 15,000, వీసా చిల్లర ఖర్చులు 15,000. మందపాటి కోటు చాలా ఓడల్లో వాళ్ళే ఇస్తారు, బూట్లు అరువిస్తారు. నీళ్ళు దిగని ప్యాంటు, గ్లవ్సు, ఉన్ని లోబట్టలు మనవే. వాటికి 30,000. ఇన్సూరెన్సు 25,000. మొత్తం 10,10,000! పన్నులు వేరు. ఇక్కడి ఏజెంటు దగ్గర కొంటే టీసీఎస్ అని ముందే కొంత పట్టుకుంటారు. అది రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు కానీ అప్పటిదాకా చేతిలోంచి పోయినట్టే కదా.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. అక్కడ ఆస్పత్రి లేదు. ఓడ డాక్టరు చేయగలిగింది కొంతే. జబ్బు ముదిరితే విమానంలో తరలించాలి, దానికి లక్ష డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఆ తరలింపు ఖర్చు భరించే పాలసీ లేకపోతే చాలా కంపెనీలు ఓడే ఎక్కనివ్వవు. పాలసీలో అంటార్కిటికా పేరు రాసి ఉందో లేదో చూసుకోవాలి. వదిన గారికి బీపీ ఉంది. "చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నారు. దాచితే రేపు క్లెయిము ఇవ్వరని నేను గట్టిగానే చెప్పాను.

బుక్ చేసేటప్పుడు కొంత, బయల్దేరే మూడు నాలుగు నెలల ముందు మిగతాదంతా కట్టాలి. ఆ తర్వాత మానుకుంటే చాలా కంపెనీలు పైసా వెనక్కివ్వవు. అందుకని వదిన గారి నెల ఖర్చులకి వడ్డీ తెచ్చే డిపాజిట్ ముట్టుకోవద్దన్నాను. గ్రాట్యుటీలోంచే తీయమన్నాను. అబ్బాయి ముఖం ముడుచుకున్నాడు. వాడి ఇంజనీరింగు ఫీజు ఈవిడ జీతంలోంచే వెళ్ళిందని మా వారు గుర్తు చేశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు మిగిలింది మోకాలు. ఓడ నించి రబ్బరు పడవలోకి, పడవ నించి తడి రాళ్ళ మీదికి దిగాలి. రోజూ సాయంత్రం ఆవిడ మా మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగుతున్నారు, రెయిలింగు పట్టుకోకుండా. ఓడ కంపెనీ పంపిన ఆరోగ్య పత్రం మీద డాక్టరు సంతకం పెడితేనే అడ్వాన్సు కడదామని మాట అనుకున్నాం. గురువారం అపాయింట్‌మెంటు.