వెయ్యి వాట్లు ఎవరి కోసం?



ఈ వారం ఒక పెట్టె గురించి మాట్లాడుకుందాం. మందిరంలో బాస్ గిటారుకి ఆంప్లిఫయర్ కొనాలన్న సంగతి మీకు తెలిసిందే. ఉన్నదాన్ని పోయిన ఈస్టరుకి మనమే పాడుచేసుకున్నాం. లీడ్ గిటారు ఆంప్‌లోనే బాస్ పెట్టి, వినబడటం లేదని నాబ్ చివరిదాకా తిప్పాం. రెండో పాటకి గరగరమంది, మూడో పాటకి స్పీకరు కోన్ చిరిగింది. అందులో కుర్రాళ్లని అనడానికేమీ లేదు, పెంచమని సైగ చేసింది మేమే. మామూలు గిటారులో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, బాస్‌లో లావు తీగ 41 దగ్గర. సరిగ్గా సగం. అంత కింది స్వరం పలకాలంటే కోన్ చాలా ముందుకీ వెనక్కీ ఊగాలి. గిటారు స్పీకరు అందుకోసం చేసింది కాదు.

కాబట్టి కొనాలి, అందులో గొడవ లేదు. గొడవంతా ఏది కొనాలన్న దగ్గరే. మన యవ్వనస్థులకి 1000 వాట్ల హెడ్డు, ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ కావాలి. పట్నంలో ఒక దుకాణాయన అదే తీసుకోమన్నాడట. పాస్టరు గారికి సంగీతం తెలియదని గ్రూపులో ఎవరో రాశారు, చదివాం. హార్మోనియం తప్ప మాకేమీ రాదన్నది నిజమే. అందుకే రెండు నెలలుగా తెలిసినవాళ్లందరినీ అడుగుతూ వచ్చాం.

ముందు వాట్ల సంగతి. 500 వాట్ల నుంచి 1000కి వెళ్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్. చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది, అంతే. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. స్పీకరు కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 94 ఉన్నదానికి బదులు 97 ఉన్నది తీసుకుంటే వాట్లు రెట్టింపు చేసినట్టే. ఆ అంకెని మన గ్రూపులో ఒక్కరూ అడగలేదు! పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు పీక్ వాట్లా, ఆర్‌ఎంఎస్ వాట్లా అనీ అడగలేదు. 4 ఓమ్‌ల దగ్గర 300 వాట్లిచ్చే హెడ్డు 8 ఓమ్‌ల స్పీకరు ఒక్కటే తగిలిస్తే అంత ఇవ్వదు. రెండు 8 ఓమ్‌ల పెట్టెలు కలిపితే 4 అవుతుంది. మూడోది కూడా కలిపితే ఓమ్‌లు ఇంకా పడిపోయి హెడ్డే కాలిపోవచ్చు.

ఎనిమిది స్పీకర్ల పెట్టె వెనక ఒక కథ ఉంది. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే 300 వాట్ల వాల్వు హెడ్డు తెచ్చింది. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో వాడినది అదే. ఆ రోజుల్లో సభ మైకు సెట్లు బాస్‌ని మోయలేకపోయేవి కనుక, వేదిక మీది పెట్టే వేలమందికి వినిపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అవసరం ఎక్కడుంది? డీఐ అని ఒక చిన్న దారి ఉంది. బాస్ శబ్దాన్ని తీగ ద్వారా నేరుగా మిక్సర్‌కి పంపుతుంది, సభంతటికీ పెద్ద స్పీకర్లే వినిపిస్తాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి బాస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ స్టూడియోలో ఎక్కువగా అలా నేరుగానే రికార్డు చేసేవాడు. మన ఉజ్జీవ సభలకి ఎలాగూ సౌండు సెట్టు అద్దెకి తెస్తాం. వేదిక మీది ఆంప్ వాయించేవాడికీ, పక్కనున్న డ్రమ్స్ తమ్ముడికీ వినబడితే చాలు.

ఇక మన మందిరం. నేల నుంచి స్లాబుకి పది అడుగులు. ఆ ఎత్తుకి గది తనంతట తాను మోగే స్వరం దాదాపు 56 హెర్ట్జ్. బాస్ మూడో తీగ పలికేది 55! అందుకే ఆ తీగ మీటినప్పుడల్లా కిటికీ రెక్కలు వణుకుతాయి, పాట మాటలు మాత్రం ఎవరికీ అందవు. మూలలో పెడితే ఇంకా ఉబ్బుతుంది. ఈ గదిలో వెయ్యి వాట్లు పోస్తే ఉబ్బే పెరుగుతుంది, స్పష్టత కాదు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం తెరిచి చూడండి. స్పష్టత లేని బూర గురించి ఆయనకున్న చిరాకు మాకు ఇప్పుడే బాగా అర్థమైంది.

మన వెనక బల్ల మామ్మగారు నాలుగు వారాలుగా పాటల సమయంలో బయట వేపచెట్టు కింద కూర్చుని, ప్రసంగానికి లోపలికొస్తున్నారు. ఎండ కదా మామ్మా అంటే, "గుండెలో కొడుతోంది బాబూ" అన్నారు. పక్కింట్లో బాలింత ఉంది. వాళ్లు మన సంఘస్థులు కారు, ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఫోన్‌లో మీటరు చూపించి తక్కువే ఉందనకండి. ఆ నియమాలు చెప్పే కొలతలో 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 35 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. గోడ దాటి వెళ్లేది ఆ కింది శబ్దమే.

అసలు బాస్ ఎందుకు, లోకసంబంధం అనే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్లతో మేము ఏకీభవించం. కింద స్వరం నిలబడితే కొత్తగా వచ్చినవాడికీ శ్రుతి దొరుకుతుంది. ఇంతకంటే ఆ వాదనకి జవాబు అక్కర్లేదు.

మా ఎంపిక ఇది. పన్నెండు అంగుళాల స్పీకరు ఒకటి గానీ పది అంగుళాలవి రెండు గానీ ఉన్న కాంబో, 200 నుంచి 300 వాట్లు. వెనక డీఐ అవుట్ తప్పనిసరి. అమెరికాలో ఉన్న బిడ్డలు కొని పంపుతామన్నారు, సంతోషం. కానీ 120 వోల్టులకి మాత్రమే చేసినదైతే మన ప్లగ్గులో పెట్టగానే పోతుంది, వెనక రాసినది చదివి పంపండి. గృహ కూడికలకి బండి వెనక పెట్టుకుని తీసుకెళ్లేంత బరువే ఉండాలి. మోకాళ్ల ఎత్తులో ఉంటే వాయించేవాడికి వినబడదు, పెంచుతాడు, దెబ్బ ముందు బల్లవాళ్లకి. అందుకని స్టూలు మీద పెట్టాలి. దుకాణంలో వాళ్ల గిటారుతో కాదు, మన గిటారుతో వాయించి చూడాలి.

ఈ డబ్బులో ఎక్కువ భాగం స్త్రీల పిడికెడు బియ్యం అమ్మగా వచ్చినది. వంట చేసిన ప్రతిసారీ కుండలో పోసేముందు ఒక గుప్పెడు పక్కన పెట్టారు. వాళ్లలో ఒక్కరిని కూడా ఏ పెట్టె కావాలని మనం ఇంతవరకూ అడగలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు కూర్చుంటారు, ఈసారి స్త్రీల సమాజం కూడా కూర్చుంటుంది. పెద్ద పెట్టె కావాలనేవాళ్లు తప్పకుండా వచ్చి మాట్లాడండి. అయితే ఆ రోజు పాటల సమయంలో మామ్మగారి బల్ల మీద కూర్చోండి. ఆవిడ చోటు ఖాళీగానే ఉంటుంది.