నడిసముద్రంలో సూర్యాపేట

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దగ్గర ఆగుతుంది. డ్రైవర్ 'పది నిమిషాలే' అంటాడు, మనం తాపీగా అరగంట తింటాం. అలాంటి హాల్టు ఒకటి అట్లాంటిక్ నడిమధ్యలో కూడా ఉందని 2010లో బయటపడింది. దాన్ని చూపించింది ఆర్కిటిక్ టర్న్ అనే పిట్ట. బరువు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ, అంటే మీ చేతిలో ఫోన్‌లో సగం.

ఈ పిట్ట బాగా ఫేమస్. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ లాంటి చోట్ల గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక అంటార్కిటికా దారి పడుతుంది. ఇది వెళ్లేసరికి అక్కడ ఎండాకాలం మొదలు. బతికినన్నాళ్లూ ఎగిరిన దూరం కలిపితే చంద్రుడి దాకా మూడుసార్లు వెళ్లొచ్చినంత అనే లెక్క మీరూ ఎక్కడో చూసే ఉంటారు. చంద్రుణ్ణి వదిలేద్దాం. నాకు నచ్చింది, ఆ దూరాన్ని కొలిచిన పద్ధతి.

జీపీఎస్ లేదు. కాలికి 1.4 గ్రాముల లాగర్ కట్టారు. అందులో లైట్ సెన్సర్, గడియారం, కాస్త మెమరీ. వెలుగు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసుకోవడమే దాని పని. పొద్దు పొడవడానికీ గుంకడానికీ సరిగ్గా మధ్య సమయం చూస్తే రేఖాంశం తెలుస్తుంది, పగటి నిడివి చూస్తే అక్షాంశం తెలుస్తుంది. ఇంత తక్కువ డేటాతో ఇంత పని చేయించారంటే, చిన్న యాప్‌కి కూడా లొకేషన్ పర్మిషన్ అడిగే మా జాతికి సిగ్గుగానే ఉంటుంది.

బగ్ లేదనుకోకండి. సెప్టెంబరు 22 అటూ ఇటూ భూమంతా పగలూ రాత్రీ దాదాపు సమానం. ఆ రోజుల్లో పిట్ట ఏ అక్షాంశంలో ఉందో తేలదు. ధ్రువాల దగ్గర పొద్దు గుంకనే గుంకదు కాబట్టి అక్కడా లెక్క ఆగిపోతుంది. పైగా లాగర్ సిగ్నల్ పంపదు. మరుసటి ఏడాది అదే పిట్ట తిరిగొచ్చాక, దాన్నే మళ్లీ పట్టుకుని విప్పాలి.

అలా 11 పిట్టల డేటా చేతికొచ్చింది. సగటున ఏడాదికి 70,900 కిలోమీటర్లు. కానీ అసలు విషయం మ్యాప్‌లో ఉంది. దక్షిణానికి బయల్దేరిన పిట్టలు నేరుగా పోలేదు. ఉత్తర అట్లాంటిక్‌లో, ఏ తీరానికీ దగ్గరగా లేని చోట, సగటున మూడున్నర వారాలు ఉండిపోయాయి.

ఎందుకంటే టర్న్‌కి లోతుకి మునగడం రాదు. గాల్లో ఒకచోటే రెక్కలాడిస్తూ నిలబడి, చేప కనబడగానే దభీమని దూకుతుంది. ఆ దూకుడు నీళ్లలో అర మీటరు దాటదు. అంటే సముద్రంలో ఎంత తిండి ఉన్నా, పైకి వచ్చిందే దీని వాటా. చల్లటి నీళ్లూ వెచ్చటి నీళ్లూ కలిసే ఆ చోట చిన్న చేపలు, రొయ్యల్లాంటి జీవాలు పుష్కలంగా ఉంటాయి. ముందున్న ఉష్ణమండలపు నీళ్లలో అంత తిండి దొరకదు. అందుకే అది దాటేలోపే కడుపు నింపుకోవాలి. ఎక్కడ తినాలో తెలియకపోతే ఇంత దూరం వలస సాధ్యమే కాదు.

తర్వాత మిగతా సముద్రపక్షుల ట్రాకింగ్ డేటా కూడా ఒకచోట చేర్చి చూశారు. 21 జాతులు, 1,500కి పైగా పక్షులు. చాలావాటి గీతలు ఆ ప్రాంతంలోనే గుమిగూడాయి. ఏడాదిలో 50 లక్షల దాకా పక్షులు ఆ నీళ్లను వాడుకుంటాయని అంచనా వేశారు. ఆ లెక్కల ఆధారంగా 2021 అక్టోబరులో, ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఆస్పార్ ఒప్పందం కింద దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ కలిపినా అందులో సగం రావు.

వినడానికి బాగుంది కదా! కాకపోతే ఆస్పార్‌కి చేపల వేటను నియంత్రించే అధికారం లేదు, అది వేరే సంస్థల చేతిలో ఉంది. ఓడల రాకపోకలదీ అదే కథ. మా ఆఫీసు భాషలో, టికెట్ ఓపెన్ చేసిన టీమ్‌కి ప్రొడక్షన్ యాక్సెస్ లేదు. పిట్టలు మాత్రం ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఎప్పటిలాగే అక్కడ దిగుతాయి.