కూలిన కోటలు – నిలిచిన అక్షరాలు

అచ్యుతాపురం నుండి విజ్ఞానయాత్రకు వెళ్ళిన మేము గోల్కొండ ముఖద్వారపు గుమ్మటం క్రింద చప్పట్లు చరిచాము. ఆ ధ్వని కొండపైనున్న బాలాహిస్సారులో వినిపించింది. అంత జాగరూకతతో నిర్మించిన కోట కూడ 1687లో, ఎనిమిది మాసాల ముట్టడి అనంతరం, ఔరంగజేబు వశమైంది. ఫిరంగులకు లొంగని గోడను లోపలివారు తెరచిన తలుపు ఓడించింది.

బైబిలులో ప్రస్తావింపబడిన లాకీషు గతి కూడ ఇట్టిదే. బలమైన ప్రాకారాలు గల ఆ యూదా నగరాన్ని క్రీ.పూ. 701లో అస్సీరియనులు, క్రీ.పూ. ఆరవ శతాబ్దంలో బాబిలోనియనులు ధ్వంసం చేశారు. అయినను 1935లో అక్కడి కోటద్వారపు శిథిలాలలో సిరాతో లేఖలు వ్రాసిన కుండపెంకులు లభించాయి. గోడ కూలింది, వ్రాత మిగిలింది.

గోల్కొండకు సైతం అక్షరమే మిగిలింది. విజయనగరంలో ఏడేండ్లు ఆశ్రయం పొంది తెలుగుపై మక్కువ పెంచుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో దివాన్ రచించాడు. ఒకే కోటలో రెండు భాషలు వర్ధిల్లాయి.

మరి మన వార్షిక సంచిక మాటేమిటి? మనలో తెలుగు చదివేవారు ఉర్దూ పుటలను, ఉర్దూ చదివేవారు తెలుగు పుటలను చూడకయే త్రిప్పివేస్తున్నాము. ఇదీ ఒక గోడయే. ఏటా కనీసం ఒక తెలుగు రచనను ఉర్దూలోకి, ఒక ఉర్దూ రచనను తెలుగులోకి విద్యార్థులచేతనే అనువదింపజేసి ఇందులో ప్రచురించవలెనని కళాశాల కమిటీకి మా మనవి. కోటగోడలపై మేకులతో పేర్లు చెక్కుట కంటె ఇదే మన పేరు నిలుపుతుంది.