పిస్టన్లు చేతికొచ్చాకే బోరు

సైలెన్సరు నీలం పొగ కక్కుతోంది. ఆయిల్ ఎంత పోసినా చాలడం లేదు. ‘ఇంజన్ బోరుకొచ్చింది బాబూ’ అని మేస్త్రి తేల్చేస్తాడు. పాత మారుతీ 800నో, తాతగారి అంబాసిడర్‌నో వదులుకోలేని ఇళ్లలో ఇది విన్న మాటే. విప్పడం తేలిక. గొడవంతా బిగించేటప్పుడే. డబ్బులు పోసి కొన్న సామాను కూర్చోదు!

మన వైపు ఈ తంటా ఇంకాస్త ఎక్కువ. ఊళ్లో దొరకని సామానుకు శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైమాట. ఇచ్ఛాపురం వాళ్లకైతే బరంపురమే దగ్గర. ఒక్క గ్యాస్కెట్ తేడా వచ్చినా ఓ రోజు పోయినట్టే, బస్సు ఛార్జీలు అదనం. పైగా 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. దుకాణాల్లో పాత సరుకూ, రకరకాల తయారీలూ కలిసిపోయి ఉంటాయి.

‘అంబాసిడర్ పిస్టన్ సెట్టు ఇవ్వు తమ్ముడూ.’

‘ఏ ఇంజన్‌దండీ?’

‘అంబాసిడర్‌దేనయ్యా!’

ఇక్కడే తేడా కొడుతుంది. అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఉంది, అదే 1489 సీసీతో డీజిలు ఉంది, ఆ తర్వాత వచ్చిన 1817 సీసీ ఇసుజు పెట్రోలూ ఉంది. సీసీ ఒకటే కదా అని పెట్రోలు పిస్టన్ డీజిలుకు వేయలేం. మారుతీదీ అదే కథ. 800లో ఎక్కువగా ఉన్నది ఆరు వాల్వుల ఇంజన్. ఆల్టోతో వచ్చింది పన్నెండు వాల్వులది. అయిదు గేర్ల 800కు కూడా దాన్నే వేశారు. రెండూ 796 సీసీయే. అయినా దీని హెడ్డు దానికి పట్టదు. బండి పేరు కాదు, ఇంజన్ నంబరు కాగితం మీద రాసుకుని, పాత ముక్క సంచిలో వేసుకుని వెళ్లండి. పని పూర్తయ్యేదాకా పాత సామాను ఏదీ పారేయనివ్వొద్దు.

ఇక బోరు. చాలామంది ముందు బ్లాకును లేతు షాపులో దించేసి, తర్వాత పిస్టన్లు వెతుకుతారు. నన్నడిగితే ఇది పూర్తిగా తలకిందుల పని. కోసిన ఇనుము మళ్లీ అతుక్కోదు. 0.50 మిల్లీమీటర్లు ఓవర్‌సైజుకు బోరు చేయించాక ఆ సైజు దొరకకపోతే? ఇంకా పెద్ద సైజు ఉంటే మళ్లీ కోయాలి, లేదంటే స్లీవు దించాలి. రెండూ ఖర్చే. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. అది కూడా తగ్గితే వేడెక్కినప్పుడు పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే టకటకమని కొట్టుకుంటుంది. కాబట్టి పిస్టన్ల పెట్టె బోరింగ్ షాపులో ఇచ్చి, ఒక్కో పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు కోయమనాలి. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో నంబరు వేయించుకోవాలి.

బోరు చేయకుండా రింగులే మార్చేవాళ్లు సిలిండర్ పైఅంచున గోరు పెట్టి చూడాలి. గట్టులా తగిలితే కొత్త రింగు దానికి కొట్టుకుని విరగొచ్చు. రింగును పిస్టన్‌కు తొడిగే ముందు సిలిండర్‌లోకే తిన్నగా దించి, రెండు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజితో చూడాలి. చాలకపోతే వేడికి కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని గోడను గీరేస్తాయి.

క్రాంకు దగ్గర మాత్రం తొందర అసలు పనికిరాదు. ఒక్కో క్యాపు బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. మూడు క్యాపుల దాకా తిరిగి, నాలుగోదానికి బిగుసుకుందంటే గొడవ ఆ నాలుగో దగ్గరే. బేరింగు వెనక చిన్న ఇసుక రేణువు ఇరుక్కుందేమో, క్యాపు తిరగబడిందేమో, పక్కదానితో మారిందేమో చూడాలి. క్యాపులు దేని చోటుకు అది కోసినవి, మార్చి పెడితే కుదరవు. ఇవేవీ కాకపోతే బేరింగు సైజే తప్పు. క్రాంకు ఎంత గ్రైండింగ్ చేశారో చీటీ మీద రాయించుకుంటే దుకాణంలో వాదన ఉండదు. ‘నడిస్తే అదే సర్దుకుంటుంది బాబూ’ అని రాడ్డు పెట్టి బలంగా తిప్పబోతే అక్కడే ఆపించండి. అలా సర్దుకున్న క్రాంకును నేను చూడలేదు.

హెడ్డు బోల్టులు పూర్తిగా దిగకపోయినా పాన కేసి లాగొద్దు. అడుగున మూసుకుపోయిన రంధ్రంలో ఆయిలో నీళ్లో నిలిచి ఉంటే, బోల్టు దిగే ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. రంధ్రాలన్నీ గాలి కొట్టి ఆరబెట్టాక, కొత్త గ్యాస్కెట్‌ను పాతదాని మీద పరిచి నీళ్ల దారులు, ఆయిల్ దారులు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూసి, అప్పుడు హెడ్డు దించాలి.