ముత్తాత సిపాయి కాకపోతేనేం?

మియాపూర్‌లో అద్దెకుంటూ ఐటీ కొలువు చేసుకుంటున్న ఒక యువకుడు కొంతకాలం కిందట నా దగ్గరకు ఒక పతకం తీసుకొచ్చాడు. అతనిది కృష్ణా డెల్టాలోని ఒక దళితవాడ. తాత పోయాక రేకుపెట్టె తెరిస్తే కొన్ని పాత కాగితాలతోపాటు గుడ్డలో చుట్టిన ఈ పతకం బయటపడిందట. ఒకవైపు ఐదో జార్జి చక్రవర్తి ముఖం, రెండోవైపు గుర్రమెక్కిన వీరుడి బొమ్మ, 1914, 1918 అనే అంకెలు. ‘మా ముత్తాత బస్రాలో సిపాయిగా పోరాడాడని ఇంట్లో చెప్పుకుంటారు సార్. ఆయన ఏ పటాలంలో ఉండేవాడో తెలుసుకోవాలి’ అన్నాడు.

జవాబు సగం ఆ లోహంలోనే ఉంది. పతకం కంచుది. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ఈ యుద్ధ పతకాన్ని పోరాడే సైనికులకు వెండితో పోతపోశారు. అలాంటివి 60 లక్షలకు పైగా ఇచ్చారు. కంచుతో చేసినవి దాదాపు లక్షా పదివేలు మాత్రమే. అవి ప్రధానంగా చైనా, మాల్టా, భారతదేశం వంటి చోట్ల నుంచి తీసుకెళ్లిన కూలి దళాలకు, సైన్యం వెంట నడిచిన పనివాళ్లకు దక్కాయి. పతకం అంచున అరిగిపోయిన అక్షరాలను భూతద్దంతో చదివితే ముత్తాత పేరు, ఒక సంఖ్య, ‘పోర్టర్’ అన్న మాట కనిపించాయి. ఆయన తుపాకీ పట్టిన సిపాయి కాదు. ఓడల నుంచి, బండ్ల నుంచి సరుకు దించి మోసినవాడు.

ఆ యువకుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ‘ఈ సంగతి ఇంట్లో చెప్పకపోతేనే మంచిదేమో సార్’ అన్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. నూరేళ్ల కిందటి మోత పని, నేడు కంప్యూటరు ముందు కూర్చున్న మునిమనవడిని ఎందుకు సిగ్గుపడేలా చేస్తోంది? ఆ సిగ్గు అతనిది కాదు. దాన్ని తయారు చేసింది కులవ్యవస్థ. కాగితం మీద స్థిరపరచింది వలస ప్రభుత్వపు సైన్యం.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భారత సైన్యం కోసం దాదాపు 14 లక్షల మందిని చేర్చుకున్నారు. వారిలో ఐదున్నర లక్షలకు పైగా మనుషులు ‘ఫాలోయర్లు’. అంటే సైన్యం వెంట నడిచే పనివారు. కంచరగాడిదలు తోలేవారు, గాయపడినవారిని డోలీలలో మోసేవారు, వంటవారు, నీళ్లు మోసే భిస్తీలు, గుర్రాలను చూసే సాయిసులు, చెప్పులు కుట్టేవారు, బట్టలుతికేవారు, మంగలి పని, పాకీ పని చేసేవారు అందరూ ఈ పద్దులోకే వచ్చారు. ఈ జాబితా చదివితే పటాలం కనిపించదు, మన ఊరు కనిపిస్తుంది. ఊళ్లో ఏ కులం ఏ పని చేయాలో అదే విభజన గుడారాల మధ్యకూ వెళ్లింది. ఫాలోయర్లలో కూడా ఎక్కువ, తక్కువ తరగతులుండేవి. అట్టడుగున ఉన్నది పాకీ పనివాడే. చాలినంతమంది కూలీలు దొరకనప్పుడు 1916 నుంచి జైళ్లలోని ఖైదీలను సైతం మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు తరలించారు.

మరి తెలుగువాళ్లకు సైనిక చరిత్ర లేదా? ఉంది. ఈస్టిండియా కంపెనీ తొలినాటి సిపాయిలలో తెలుగువాళ్లు ఎందరో ఉండేవారు. అందుకే బెంగాల్, అవధ్ ప్రాంతాల్లో ‘తిలంగా’ అంటే సిపాయి అనే అర్థం స్థిరపడింది. 1857 తిరుగుబాటు సైనికులను, వారు ఏ ప్రాంతం వారైనా, ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరే సైనికుడికి పర్యాయపదమైన చోట, కొన్ని దశాబ్దాలు తిరగకముందే ఆ జాతి సైన్యానికి పనికిరానిదైపోయింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా, ఆ తరువాత 1893 వరకు భారత సైన్యానికి సర్వసేనానిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది వారిని యోధులుగా అంగీకరించలేదు. ‘యోధజాతుల’ సిద్ధాంతం బలపడింది. మహర్లను చేర్చుకోవడం 1890ల తొలినాళ్లలో ఆగిపోయింది. సుబేదారు రామ్‌జీ సక్పాల్ కుమారుడైన అంబేడ్కర్, సైనిక ఉద్యోగం పోతే దళిత కుటుంబం నుంచి జీతంతోపాటు చదువూ పోతుందని సొంత ఇంటి అనుభవంతో గ్రహించినవాడు.

మద్రాసు సైన్యానికి కోత ఆ తరువాతా కొనసాగింది. 1920లలో మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. 1933లో మద్రాసు పయనీర్ల దళాన్ని కూడా ఎత్తివేశారు. ప్రధానంగా మిగిలింది వంతెనలు కట్టే, దారులు వేసే శాపర్లు. రెండో ప్రపంచయుద్ధం తరుముకొచ్చి మనుషులు చాలకపోయేసరికి 1941లో మద్రాసు రెజిమెంటును మళ్లీ నెలకొల్పారు. అయోధజాతి రాత్రికి రాత్రే యోధజాతి అయింది. మారింది రక్తం కాదు, అవసరం.

ఈ చరిత్ర తెలియకుండా కుటుంబపు సైనికుణ్ని వెతకబోతే దారి తప్పుతాం. ఉదాహరణకు, రెండో ప్రపంచయుద్ధ పత్రాల్లో ‘19వ హైదరాబాద్ రెజిమెంటు’ కనిపించగానే మనవాళ్లే అనుకుంటాం. అందులో ఉన్నవారు ముఖ్యంగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. తెలుగు దళితుల జాడ వెతకవలసింది శాపర్లలో, పయనీర్లలో, రవాణా దళాల్లో, పోర్టరు దళాల్లో. రెండో ప్రపంచయుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటన్ సైనికులకు పేరు చెక్కకుండా ఇచ్చారు. భారతీయులకు ఇచ్చినవాటి వెనుక మాత్రం సంఖ్య, పేరు, దళం చెక్కారు. ఇంట్లో అలాంటి నక్షత్రం ఉంటే తోమి మెరుగు పెట్టకముందే వెనుకవైపు చదవాలి. ఆ సంఖ్య చేతిలో ఉంటే మద్రాసు రెజిమెంటు విషయంలో నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లోని రికార్డు కార్యాలయాన్ని, శాపర్లు, పయనీర్ల విషయంలో బెంగళూరులోని కార్యాలయాలను అడగవచ్చు.

అసలు చిక్కు పేర్ల దగ్గర మొదలవుతుంది. సైనిక పత్రాల్లో భారతీయ సిపాయికి తరచూ ఒకే పేరు, పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. మనకు ప్రాణమైన ఇంటిపేరు ఉండదు. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. ఇక కులం గడి. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో 1917లో జరిగిన సభ ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును నిలబెట్టింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ అనే పదాన్ని వదిలి ఆ పేరును అంగీకరించింది. కాబట్టి ఒకే కుటుంబానికి చెందిన మనిషి ఒక కాగితంలో పంచముడిగా, మరొక కాగితంలో ఆది ఆంధ్రుడిగా, ఇంకొక చోట కేవలం క్రైస్తవుడిగా కనిపించవచ్చు.

ఆ మూడో మాట దగ్గర అన్వేషణ చట్టానికి తగులుతుంది. కోస్తా దళితవాడల్లో వంశచరిత్రకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం చాలాచోట్ల మిషన్ చర్చీల బాప్తిస్మపు రిజిస్టరే. పాత పేరును, కొత్త పేరును కలిపేది అదే. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవంలోకి వెళ్లిన దళితుణ్ని షెడ్యూల్డు కులంగా గుర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చిన సవరణ క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. అందువల్ల ముత్తాత పేరును బయటపెట్టడానికి మునిమనవడు భయపడతాడు. పతకం మీది పేరు తన కులపత్రం మీదికి ఏ ప్రశ్నను తెస్తుందోనని వెనుకాడతాడు. ఈ వ్యాసంలో ఆ పేరు గాని, ఊరు గాని లేకపోవడానికి కారణం ఇదే. పై కులపు కుటుంబానికి పూర్వీకుణ్ని వెతకడం సెలవురోజు సరదా కావచ్చు. దళిత కుటుంబానికి అది సాహసం.

చనిపోయినవారి విషయంలో వివక్ష రాతి మీదికే ఎక్కింది. మెసపొటేమియాలో మరణించి సమాధి తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో బస్రా స్మారకాన్ని ఆవిష్కరించారు. బ్రిటిష్ సైనికులకు, భారతీయ అధికారులకు అక్కడ పేర్లున్నాయి. సాధారణ భారతీయ సిపాయిలను మాత్రం దళానికి ఇంతమంది అని అంకెలుగా చెక్కారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం నియమించిన కమిటీ 2021 ఏప్రిల్‌లో ఈ సంగతులన్నిటినీ ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా దేశాలకు చెందిన 45 వేల నుంచి 54 వేల మంది మృతులకు సమానమైన స్మరణ దక్కలేదని, కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షల మంది వరకు, పేరుతో స్మరణే లేదని తేల్చింది. సంఘం, బ్రిటిష్ ప్రభుత్వం క్షమాపణ చెప్పాయి. జాతి వివక్షను లండన్ ఒప్పుకుంది. ఆ అంకెల లోపల దాగిన కుల వివక్షను ఒప్పుకోవలసింది ఎవరు?

జ్ఞాపకం కూడా సమానంగా పంచబడలేదు. మొదటి యుద్ధంలో పాల్గొన్న 3,20,000 మంది పంజాబీల వివరాలున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో నిలిచాయి. 2021 నుంచి బ్రిటన్‌లోని పంజాబీ వారసత్వ సంఘం, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం వాటిని అంతర్జాలంలో అందుబాటులోకి తెచ్చాయి. జలంధర్ కుర్రవాడు ఊరి పేరు కొట్టి ముత్తాతను కనుక్కోగలడు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల కుర్రవాడికి ఆ వీలు లేదు. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’గా గౌరవంతో తలచుకుంటాం. అది తగిన గౌరవమే. కానీ ఏ వాడ నుంచి ఎందరు కూలి దళాల్లో ఓడెక్కారో చెప్పే పలక ఎక్కడుంది?

ఈ అన్యాయానికి సమాధానంగా ఒక సులువైన దారి మన ముందుంది. మేమూ యోధులమే అని నిరూపించుకోవడం. కోరేగావ్ స్తంభం దగ్గర 1927లో అంబేడ్కర్ నిలబడటానికి చారిత్రక అవసరం ఉంది. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడటం, 1943లో మొదలైన చమార్ రెజిమెంటును 1946లోనే రద్దు చేయడం కూడా దళిత చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలే. పిరికితనాన్ని కులానికి అంటగట్టిన సిద్ధాంతాన్ని అవి ఖండించాయి. అయితే అంతటితో ఆగితే యోధజాతుల సిద్ధాంతపు కొలబద్ద మన చేతికి వస్తుంది. తుపాకీ పట్టినవాడు గొప్ప, మోసినవాడు తక్కువ అన్న విలువను మనమే నిలబెట్టినవాళ్లమవుతాం. చేతిపనిని, మోతను, శుభ్రపరచే పనిని హీనం చేసిందే కులం. ఆ హీనతను ఒప్పుకుని దాని నుంచి ఒక్క కుటుంబాన్ని మాత్రం తప్పించే ప్రయత్నం విముక్తి కాదు.

పైగా అది సామ్రాజ్యం కోసం జరిగిన యుద్ధం. సిపాయి అయినా, కూలీ అయినా, మనవాళ్లను అక్కడికి చేర్చినవాటిలో ఆకలిది పెద్ద చేయి. అందులో వీరగాథను వెతకడం కంటే జీతం ఎంత, తిండి ఏమిటి, తిరిగొచ్చాక ఏం దక్కింది అని వెతకడమే నిజమైన చరిత్ర.

ఇది గడిచిన కథ కాదు. 2022 జులైలో అగ్నిపథ్ దరఖాస్తులో కులధ్రువపత్రం ఎందుకని పార్లమెంటు వెలుపల, లోపల వాదన నడిచినప్పుడు, అది పాత పద్ధతేనని ప్రభుత్వం బదులిచ్చింది. పాతదే, నిజం. అది ఎంత పాతదో, దేనికి వాడారో మాత్రం చర్చ జరగలేదు. 2024లో తెలంగాణ ఇంటింటి కుల సర్వే చేసింది. రానున్న జనగణనలో కులాన్ని నమోదు చేస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించింది. కులాన్ని లెక్కించడం అవసరమే. ఒకప్పటి కులం గడి ఎవరికి తుపాకీ, ఎవరికి చీపురు అని నిర్ణయించింది. నేటి గడి ఆ అన్యాయం జాడ పట్టడానికి ఉపయోగపడాలి.

అందుకు చేయదగిన పనులున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలు, విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు కలిసి రెండు ప్రపంచయుద్ధాల్లో పనిచేసిన తెలుగువారి జిల్లాల వారీ పట్టిక తయారు చేయాలి. అందులో సిపాయిలను, ఫాలోయర్లను వేరు వేరు అరల్లో కాక ఒకే వరుసలో చేర్చాలి. లండన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న పతకాల సూచిక కార్డులను, చర్చీ రిజిస్టర్లను, ఇళ్లలోని పతకాలను సరిపోల్చాలి. పేరు ప్రకటించాలో లేదో కుటుంబం నిర్ణయించుకునే హక్కు ఉండాలి. విద్యార్థులు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు వాడలోని పెద్దవాళ్లను అడిగితే, ఈ పని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ రాకముందే మొదలవుతుంది.

ఆ యువకుడు చివరకు ఇంట్లో చెప్పాడు. నాయనమ్మ ఆశ్చర్యపోలేదట. తను కోడలిగా వచ్చేనాటికే మామగారి కుడి భుజం మీద గట్టి కాయ ఉండేదని, అది తుపాకీ ఒరిపిడి అని అందరూ అనుకునేవారని, ఆయన మాత్రం ఎన్నడూ అలా అనలేదని చెప్పిందట. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ భుజాన్ని గౌరవించే భాష మన దగ్గర లేక, ఆయనకు తుపాకీని మనమే తగిలించాం.